పాత సరుకు, కొత్త ముద్ర: వాడిన ఎలక్ట్రానిక్స్ అమ్మకాన్ని భద్రతా చట్టాలు ఎంతవరకు ఆపాలి?

ఒకరు వాడిన టీవీనో, ఆంప్లిఫయర్‌నో, వీడియో గేమ్ కన్సోల్‌నో ఇంకొకరు కొని వాడుకోవడం ప్రమాదమా? ప్రమాదమైతే ప్రభుత్వం దాన్ని ఏ ప్రాతిపదికన ఆపాలి? ఇరవై ఏళ్లలో జపాన్, అమెరికా, ఐరోపా, భారత్ ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. వాటిలో కొన్ని తప్పాయి. తప్పిన చోట చట్టాలను మళ్లీ దిద్దుకోవలసి వచ్చింది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికొచ్చే పాఠం ఒకటి కనిపిస్తుంది.

ఇందులో రెండు వైపులా న్యాయం ఉంది. కరెంటుతో నడిచే వస్తువు చెడితే మనిషిని చంపగలదు, ఇల్లు తగలబెట్టగలదు. లోపల ఏముందో కొనేవాడికి కనిపించదు కాబట్టి ఎవరో ఒకరు పూచీ పడాలి. మరోవైపు, కొత్తది కొనలేని కుటుంబానికి పాత సరుకే దిక్కు. రిపేరు నేర్చుకునే కుర్రాడికి అదే బడి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. పనిచేస్తున్న వస్తువును చట్టమే చెత్తకుప్పకు తోస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

జపాన్: ముద్ర లేని వస్తువు నేరమైన వేళ

ఈ విషయంలో అందరికంటే ముందు, అందరికంటే పెద్ద దెబ్బ తిన్న దేశం జపాన్. అక్కడ విద్యుత్ పరికరాల మీద 1961 నుంచే ఒక నియంత్రణ చట్టం ఉంది. 1999లో దాన్ని సవరించి విద్యుత్ పరికరాల భద్రతా చట్టంగా పేరు మార్చారు. అది 2001 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పరికరాన్ని ప్రభుత్వమే ముందుగా పరిశీలించి ఆమోదించే పాత పద్ధతిని తగ్గించి, తయారీదారే పరీక్ష చేసుకుని బాధ్యత తీసుకునే పద్ధతికి మారడం ఈ సవరణ ఉద్దేశం. పరిశ్రమ మీద బరువు తగ్గించడానికి పుట్టిన చట్టం అన్నమాట. ఆ బరువు చివరికి ఎవరి నెత్తిన పడిందో తర్వాత తెలిసింది.

కొత్త చట్టంతో పాటు 'పీఎస్ఈ' అనే ముద్ర వచ్చింది. ప్రమాదం ఎక్కువ ఉండే పరికరాలకు వజ్రాకారంలో, మిగతావాటికి వృత్తాకారంలో ఆ అక్షరాలు ఉంటాయి. ముద్ర లేని సరుకును వ్యాపారి అమ్మకూడదు, అమ్మకానికి పెట్టనూ కూడదు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు లేదా 10 లక్షల యెన్ల వరకు జరిమానా. సంస్థలకైతే జరిమానా 10 కోట్ల యెన్ల దాకా పోవచ్చు. పాత చట్టం కింద తయారైన సరుకు అమ్ముడుపోవడానికి వస్తువును బట్టి 5, 7, 10 ఏళ్ల గడువు ఇచ్చారు. అయిదేళ్ల గడువు 2006 మార్చి 31తో ముగుస్తుంది. ఆ జాబితాలో 259 రకాలున్నాయి. టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఆడియో పరికరాలు, ఎలక్ట్రానిక్ సంగీత వాద్యాలు, గేమ్ కన్సోళ్లు అన్నీ అందులోనే.

గోదాములో మిగిలిపోయిన కొత్త సరుకుకైతే అయిదేళ్లు చాలు. చట్టం రాసినవారి మనసులో ఉన్నది అదే. కానీ 'అమ్మకం' అంటే సెకండ్ హ్యాండ్ అమ్మకం కూడా అని ఈ చట్టాన్ని అమలు చేసే మంత్రిత్వ శాఖ అర్థం చెప్పింది. ఆ సంగతి పాత సరుకు వ్యాపారులకు గట్టిగా తెలిసింది గడువు ముంచుకొచ్చాకే. 2001కి ముందు తయారైన వస్తువు మీద కొత్త ముద్ర ఉండే అవకాశమే లేదు. అంటే టోక్యోలోని అకిహబారాలో, ఒసాకాలోని నిప్పొంబాషిలో, ఊరూరా ఉన్న పాత సరుకు దుకాణాల్లో అరలనిండా ఉన్న సరుకు ఒక్క రాత్రితో అమ్మరానిదైపోతుంది.

గేమ్ కన్సోళ్ల సంగతి చూస్తే ఈ నిబంధన ఎంత మొరటుదో తెలుస్తుంది. సెగా శాటర్న్, సోనీ మొదటి ప్లేస్టేషన్ 1994 చివర్లో, డ్రీమ్‌కాస్ట్ 1998లో మార్కెట్లోకి వచ్చాయి. వీటికి పవర్ సప్లై యంత్రం లోపలే ఉంటుంది, కాబట్టి గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు నేరుగా పెట్టెలోకే వెళ్తుంది. 2000 మార్చిలో వచ్చిన ప్లేస్టేషన్ 2 తొలి యంత్రాలూ కొత్త చట్టానికి ముందువే. అప్పటికి ఆరేళ్ల వయసున్న, లక్షల ఇళ్లలో నిక్షేపంగా ఆడుతున్న యంత్రాన్ని దుకాణం అమ్మితే నేరం. అదే యంత్రాన్ని ఇంటి యజమాని వ్యాపారంగా కాకుండా పక్కింటివాడికి అమ్ముకుంటే నేరం కాదు. యంత్రంలోని ప్రమాదం రెండు చోట్లా ఒకటే. పైగా దుకాణంలో దాన్ని విప్పి, తుడిచి, నడిపి చూసే మనిషి ఉంటాడు. పక్కింటి బేరంలో ఉండడు. పరీక్ష జరిగే దారిని మూసి, జరగని దారిని తెరిచి ఉంచింది ఈ చట్టం.

వాద్యకారులు గెలిచారు, దుకాణదారులు వేచి చూశారు

ప్రతిఘటన ముందుగా సంగీత ప్రపంచం నుంచి వచ్చింది. 1970, 80 దశకాల సింథసైజర్ల నాదం కొత్త యంత్రాల్లో దొరకదు. మినీమూగ్ సింథసైజర్‌కో, రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌కో బదులుగా ఇంకొకటి కొనుక్కోమనడం కుదరదు. సింథసైజర్ ప్రోగ్రామర్ల సంఘం సంతకాల సేకరణ మొదలుపెట్టింది. స్వరకర్త ర్యుయిచి సకమోటో, సింథసైజర్ నిపుణుడు హిదెకి మత్సుతాకె వంటివారు ముందుండి నడిపించారు. సుమారు 75 వేల సంతకాలు మంత్రిత్వ శాఖకు చేరాయి.

2006 మార్చి మధ్యలో ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. తయారీ ఆగిపోయి, అరుదై, వాటిని వాడటం తెలిసినవారికే అమ్మే పాత వాద్యాలకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. మిగతా సరుకుకు ఒక దారి చూపింది. పాత సరుకు వ్యాపారి తానే 'తయారీదారు'గా నమోదు చేసుకుని, ఒక్కో వస్తువునూ పరీక్షించి తన పేరు మీద పీఎస్ఈ ముద్ర వేసుకోవచ్చు. పరీక్షలో ముఖ్యమైనది ఇన్సులేషన్ మీద 1,000 వోల్టుల ఒత్తిడి పెట్టి ఒక నిమిషం ఉంచి చూడటం. పరీక్షా యంత్రాన్ని ప్రభుత్వం సమకూర్చినా, ముప్ఫై ఏళ్ల ఆంప్లిఫయర్ మీద ఆ వోల్టేజీ పెట్టాలంటే వ్యాపారికి భయమే. పెద్ద గొలుసు దుకాణాలు ఎలాగో తట్టుకోగలవు. భార్యాభర్తలిద్దరూ నడుపుకునే చిన్న దుకాణం తయారీదారు బాధ్యతను ఎక్కడ మోయగలదు?

గడువుకు వారం ముందు మంత్రిత్వ శాఖ ఇంకో మెట్టు దిగింది. ముద్ర లేని వస్తువును ప్రస్తుతానికి 'అద్దెకు' ఇచ్చినట్టు చూపినా అభ్యంతరం చెప్పబోమంది. అంటే పేరుకు అద్దె, నిజానికి అమ్మకం. పాటించడం కుదరని చట్టాన్ని పాటించినట్టు కనిపించే ఉపాయాన్ని చట్టం అమలు చేయవలసినవారే చెప్పవలసి రావడం ఏ ప్రభుత్వానికైనా తలవంపే.

చివరకు 2007లో అసలు మాట బయటికొచ్చింది. చట్టం చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్ సరుకు గురించి ఆలోచించలేదని మంత్రిత్వ శాఖ ఒప్పుకుంది. పాత చట్టం ప్రమాణాలు పాటించిన వస్తువు భద్రతలో కొత్తదానికి తీసిపోదనీ అంగీకరించింది. ఆ ఏడాది నవంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. పాత చట్టం గుర్తు ఉన్న వస్తువును పీఎస్ఈ ముద్ర ఉన్నదానితో సమానంగా చూడాలన్న ఆ సవరణ డిసెంబరులో అమల్లోకి వచ్చింది. సమస్య తీరింది. కానీ మధ్యలో గడిచిన ఏడాదిన్నరకు పైగా కాలంలో అమ్మలేక, పరీక్షించలేక వ్యాపారులు పోగొట్టుకున్నదాన్ని ఏ సవరణా తిరిగి ఇవ్వలేదు.

అమెరికా: సీసం భయం, పొదుపు దుకాణాల గోడు

జపాన్ తప్పు దిద్దుకున్న మరుసటి ఏడాదే అమెరికా అలాంటి తప్పే చేసింది. 2007లో ఆటబొమ్మల రంగుల్లో సీసం బయటపడి లక్షలాది బొమ్మలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ ఆందోళనలో 2008 ఆగస్టు 14న వినియోగ వస్తువుల భద్రతా మెరుగుదల చట్టం వచ్చింది. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల కోసం చేసిన వస్తువుల్లో సీసానికి కఠినమైన పరిమితి పెట్టింది. మొదట పది లక్షల పాళ్లకు 600 పాళ్లు, 2009లో 300, 2011లో 100. పరిమితి అవసరమే. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుందన్నది తిరుగులేని వైద్య సత్యం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పరిమితి దాటిన వస్తువును అమ్మడమే నేరమైంది. అది ఎప్పుడు తయారైనా సరే. దానంగా వచ్చిన బొమ్మలు, పిల్లల దుస్తులు, పిల్లల ఎలక్ట్రానిక్ ఆటవస్తువులు అమ్మి సేవా కార్యక్రమాలు నడిపే పొదుపు దుకాణాలు బెంబేలెత్తాయి. ఒక్క డాలరు బొమ్మను ప్రయోగశాలకు పంపడం ఎవరి తరం? కొన్ని దుకాణాలు పిల్లల సరుకే మానేశాయి. 2011 ఆగస్టులో కాంగ్రెస్ మళ్లీ సవరించి, వాడిన పిల్లల వస్తువులను ఆ సీసం పరిమితి నుంచి చాలావరకు తప్పించింది. పరిమితి దాటిందని తెలిసీ అమ్మేవారికి మాత్రం మినహాయింపు లేదు.

అయితే అదే చట్టంలో మెచ్చుకోదగ్గ నిబంధన ఒకటుంది. ప్రమాదకరమని గుర్తించి వెనక్కి పిలిచిన వస్తువును, అంటే రీకాల్ చేసినదాన్ని, ఎవరూ అమ్మకూడదు. కొత్తదైనా, పాతదైనా. ఇది తయారీ తేదీని చూడదు, తేలిన ప్రమాదాన్ని చూస్తుంది. రెండు నిబంధనలూ ఒకే చట్టంలో ఉన్నాయి. ఒకదాన్ని మూడేళ్లలో మార్చుకోవలసి వచ్చింది, రెండోది నిలబడింది.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

పాత వస్తువులు ప్రమాదం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోలేం. 2007 ఆగస్టులో టోక్యోలో 1970లో తయారైన విద్యుత్ ఫ్యాను నుంచి మంట లేచి వృద్ధ దంపతులు చనిపోయారు. దశాబ్దాలు గడిచాక ఇన్సులేషన్ పెళుసవుతుంది, కెపాసిటర్లు చెడిపోతాయి, దుమ్ము పేరుకుంటుంది, వేడి పెరుగుతుంది. మూల కారణం వయసు, అరుగుదల. ఆ ఫ్యాను ఎవరూ తిరిగి అమ్మినది కాదు, ఇంట్లోనే ఉన్నది. పీఎస్ఈ నిషేధం ఎంత కఠినంగా అమలైనా ఆ ఇద్దరినీ కాపాడేది కాదు. ఈ సంగతి గ్రహించిన జపాన్ తర్వాత సరైన దారి పట్టింది. ఫ్యాన్లు, ఏసీలు, వాషింగ్ మెషీన్లు వంటివాటి మీద ఎన్నేళ్లు సురక్షితంగా వాడవచ్చో తయారీదారు రాయాలన్న నిబంధనను 2009 నుంచి అమలు చేసింది.

రెండో ఉదాహరణ మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్. 2005 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కోటీ 40 లక్షలకు పైగా పవర్ కార్డులను ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. కొన్ని యంత్రాలు వేడెక్కి, కాలి, వాడేవారికి గాయాలూ అయ్యాయి. అవి దేశదేశాల్లో చట్టబద్ధంగా, కొత్తగా అమ్ముడైన యంత్రాలే. పెట్టె మీద భద్రతా గుర్తు ఉండటం తయారీ నాటి నమూనా గురించి చెబుతుంది. ఈ రోజు మీ చేతిలో ఉన్న యంత్రం గురించి చెప్పదు.

మూడోది లిథియం బ్యాటరీ. ఇవాళ్టి పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్లలో అన్నిటికంటే పెద్ద ముప్పు అదే. ఉబ్బిన బ్యాటరీ, నాసిరకం నకిలీ బ్యాటరీ, దెబ్బతిన్న సెల్ మంటలు రేపగలవు. పీఎస్ఈ ముద్రతోనో, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నంబరుతోనో వచ్చిన ఫోన్లోనే రిపేరు షాపులో నకిలీ బ్యాటరీ వేస్తే పైనున్న ముద్ర ఏం కాపాడుతుంది?

ఈ మూడు ఉదాహరణలూ ఒకే మాట చెబుతున్నాయి. భద్రతను వస్తువు ఇప్పటి స్థితి నిర్ణయిస్తుంది, మీద ఉన్న అచ్చు కాదు. వాహనాలకు మనం ఈ పద్ధతే పాటిస్తున్నాం. పాత లారీని చాలావరకు తయారైన ఏడాది నిబంధనలతోనే నడవనిస్తాం, కానీ ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష చేయిస్తాం. కరెంటు సరుకుకూ అంతే కావాలి.

ఐరోపా: షరతులతో తెరిచిన తలుపు

ఐరోపా సమాఖ్య ఈ దారికి దగ్గరగా వచ్చింది. 2024 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉన్న సాధారణ ఉత్పత్తుల భద్రతా నిబంధన కొత్తవాటికే కాక వాడిన, రిపేరు చేసిన, పునరుద్ధరించిన వస్తువులకూ వర్తిస్తుంది. అమ్మేది సురక్షితంగా ఉండాలి, అంతే. పురాతన వస్తువులకు మినహాయింపు ఉంది. రిపేరు చేశాకే వాడాలని స్పష్టంగా చెప్పి అమ్మే వస్తువులకూ ఉంది. ఈ రెండో మినహాయింపు చిన్నదిగా కనిపించినా రిపేరు వృత్తికి ఊపిరి లాంటిది. చెడిపోయిన కన్సోల్‌ను స్పేర్ పార్టుల కోసం అమ్ముకోవడం నేరం కాకుండా అది కాపాడుతుంది.

బ్రిటన్‌లో సేవాసంస్థల దుకాణాలు కరెంటు సరుకును అమ్మే ముందు ఒక్కోదాన్నీ పరీక్షించే అలవాటు పాతుకుపోయింది. ప్లగ్గు, తీగ, ఎర్త్, ఇన్సులేషన్ చూసి, శిక్షణ పొందిన మనిషి తేదీతో చీటీ అంటిస్తాడు. తయారీదారుగా నమోదు అక్కర్లేదు. వస్తువు పరీక్షకు నిలబడితే అమ్ముతారు, లేకపోతే రీసైక్లింగ్‌కు పంపుతారు.

మన దేశం: అకిహబారా దాకా పోనక్కర్లేదు

ఇదంతా విదేశాల గొడవ అనుకోవడానికి లేదు. ఎలక్ట్రానిక్స్, ఐటీ సరుకులకు తప్పనిసరి నమోదు ఉత్తర్వును భారత ప్రభుత్వం 2012 అక్టోబరులో జారీ చేసింది. అమలు 2013లో మొదలైంది. తొలి జాబితాలోని 15 వస్తువుల్లో వీడియో గేమ్‌లు ఉన్నాయి. భారతీయ ప్రమాణానికి తగ్గట్టు లేని, నమోదు గుర్తు లేని వస్తువును తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మకానికి నిల్వ చేయడం, అమ్మడం కుదరదని ఆ ఉత్తర్వు చెప్పింది. 2013కి ముందు మన దగ్గర అమ్ముడైన ప్లేస్టేషన్ 2ల మీద, పాత ఎక్స్‌బాక్స్‌ల మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది? ఉత్తర్వును అక్షరాలా చదివితే, హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్లోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో అలాంటి యంత్రాన్ని అమ్మే దుకాణదారు పరిస్థితి 2006 నాటి అకిహబారా వ్యాపారికి భిన్నం కాదు. ఇంటింటి పాత సరుకు మీద ఎవరూ దాడి చేయడం లేదు, నిజమే. కానీ అమలు చేయకపోవడం వల్ల దొరికే రక్షణ హక్కు కాదు. అది అధికారి దయ మీద ఆధారపడి ఉంటుంది. చిన్న వ్యాపారిని వేధించడానికి అదే ఆస్కారం ఇస్తుంది.

దిగుమతుల మీద పట్టు గట్టిగానే ఉంది. నమోదు లేని సరుకు ఓడరేవుకు వస్తే తిరిగి పంపాలి, లేదంటే కస్టమ్స్ వారు పనికిరాకుండా చేసి తుక్కుగా వదిలించుకుంటారని 2019 మేలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ స్పష్టం చేసింది. పరాయి దేశాల చెత్త మన మీద పడకుండా ఈ జాగ్రత్త సమర్థనీయమే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. పాత సరుకును బాగుచేసి అమ్మేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదు కావాలి. వారి సరుకు తప్పనిసరి నమోదు పథకానికి, బీఐఎస్ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి. ఉద్దేశం మంచిదే. పెద్ద రీఫర్బిషింగ్ కంపెనీలు దీన్ని అందుకోగలవు. రెండు మీటర్ల బల్ల మీద సోల్డరింగ్ ఐరన్‌తో బతికే మనిషి ఎలా అందుకుంటాడన్నదే ప్రశ్న. ఒకవైపు 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచాం. మరోవైపు రిపేరు చేసిన వస్తువును అమ్ముకునే దారిని ఇరుకు చేస్తున్నాం. ఈ రెండు విధానాలూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఏం చేయాలి?

పై అనుభవాల నుంచి తేలేది ఇది. మొదటిది, తయారైన నాటి ప్రమాణాన్ని పాటించిన వస్తువును ఆ కారణం మీదే అంగీకరించాలి. కొత్త ముద్రను వెనకటి కాలానికి రుద్దకూడదు. జపాన్ 2007లో రాసిన సవరణను మన ఉత్తర్వులో ఇప్పుడే ఒక్క వాక్యంగా చేర్చుకోవచ్చు.

రెండోది, అమ్మేటప్పుడు వస్తువు స్థితిని పరీక్షించే నిబంధన ఉండాలి. తీగ, ప్లగ్గు, ఇన్సులేషన్, బ్యాటరీ, నాలుగు అంశాల సులువైన పరీక్ష చాలు. ఐటీఐల్లో కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, సంతకం చేసే అర్హతను మెకానిక్‌లకే ఇవ్వాలి. మూడోది, రీకాల్ అయిన, ప్రమాదకరమని తేలిన మోడళ్ల జాబితా తెలుగుతో సహా భారతీయ భాషల్లో అందరికీ దొరకాలి. ఆ జాబితాలో ఉన్నదాన్ని అమ్మితే శిక్ష పడాలి, అందులో రాజీ వద్దు. నాలుగోది, విడిభాగాల కోసం అమ్మే చెడిపోయిన వస్తువుకు ఐరోపా తరహాలో స్పష్టమైన మినహాయింపు రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ముసాయిదా రాసేటప్పుడే సెకండ్ హ్యాండ్ వ్యాపారిని పిలిచి అడగాలి. జపాన్, అమెరికా రెండూ ఆ ఒక్క పని చేయకనే చట్టాన్ని రెండుసార్లు రాయవలసి వచ్చింది.

కొనేవారికీ కొంత బాధ్యత ఉంది. జపాన్ నుంచి వచ్చిన పాత కన్సోల్ 100 వోల్టులది. అమెరికాలోని బంధువులు తెచ్చి ఇచ్చినది 120 వోల్టులది కావచ్చు. మన గోడలో ఉన్నది 230. అడాప్టర్ మీదో, యంత్రం మీదో 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి లేకపోతే నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు, సరైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. తీగ పెళుసుగా ఉంటే మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని ఒక్కరోజు కూడా వాడవద్దు. కొనే ముందు దుకాణంలో అరగంట నడిపి, పెట్టె ఎంత వేడెక్కుతోందో చూడండి. బిల్లు, గ్యారంటీ అడగండి.

భద్రతా చట్టాలు ఉండాలి, ఇంకా పటిష్ఠం కావాలి. కానీ అవి ప్రమాదాన్ని వెతికి పట్టుకోవాలి, పాతదనాన్ని కాదు. పనిచేస్తున్న వస్తువును ముద్ర లేదన్న ఒక్క కారణంతో తుక్కుగా మార్చే చట్టం ఏ ప్రాణాన్నీ కాపాడదు. ఈ మాట ఉత్తర్వులు రాసే అధికారుల దాకా చేరవేయవలసింది వినియోగదారుల సంఘాలు, వ్యాపార సంఘాలు, మనం.